పొయ్యి చల్లారిన నలభై రోజులు

నౌపడలో పుట్టి పెరిగినవారికి ఉప్పు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. సముద్రపు పాయ నుంచి నీటిని మడుల్లోకి మళ్ళించి, ఎండకు వదిలి, గట్టిపడిన తెల్లని పొరను పలకలతో లాగి కుప్పలు పోయటం చిన్ననాటి నుంచీ మేము చూస్తున్న దృశ్యమే. ఇక్కడివారు దీన్ని ఉప్పు తయారు చేయటం అనరు, ఉప్పు పండించటం అంటారు. ఎండ ముదిరిన కొద్దీ పంట పెరుగుతుంది. వాన పడితే ఆ ఏటికి పని ముగుస్తుంది. ఇలాంటి ఊళ్ళో ఉండి ఉప్పునూ పొయ్యినీ వదిలేస్తామని ప్రకటించిన కుటుంబం బహుశా మాదొక్కటే కావచ్చు.

రెండేళ్ళ క్రితం రంజాన్ పండుగ వెళ్ళిన వారానికే ఈ ఆలోచన మొదలైంది. అప్పటికే మా ఇద్దరిలో ఒకరికి చక్కెర వ్యాధి, మరొకరికి రక్తపోటు ఉన్నాయి. ఉపవాసాల నెలలో శరీరాలు తేలికపడవలసింది పోయి మరింత బరువెక్కాయి. ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, పండ్ల ముక్కలు రెండు నిమిషాల్లో ముగిసేవి. ఆ తరువాత సమోసాలు, పకోడీలు, హలీం, బిర్యానీ వరుసగా వచ్చేవి. పండుగ మర్నాడు పరీక్షలు చేయించుకుంటే ఇద్దరి కాగితాలలోనూ అంకెలు పెరిగే ఉన్నాయి. తినండి, తాగండి, కానీ మితి మీరకండి అని దివ్యఖుర్ఆన్ (ఆరాఫ్ సూరా) చెప్పిన మాటను నెల రోజులపాటు తరావీహ్‌లో వింటూనే, దస్తర్‌ఖాన్ దగ్గర మరచిపోయామని ఆ రోజు సిగ్గుపడ్డాము.

రాజమండ్రి నుంచి వచ్చిన ఆలోచన

మన రాష్ట్రంలో ఆహారం మార్చుకుని ఆరోగ్యం పొందాలనే తపన కొత్తదేమీ కాదు. ఉప్పు, నూనె, చక్కెర లేని ఆహారం గురించి మంతెన సత్యనారాయణరాజుగారి పుస్తకాలు, టీవీ ప్రసంగాలు తెలియని తెలుగు ఇల్లు అరుదు. అయితే మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించింది అంతకంటే పాత ఉదంతం. 1929 వేసవిలో గాంధీజీ ఆంధ్ర దేశంలో పర్యటిస్తున్నప్పుడు రాజమండ్రిలో సుందరం గోపాలరావు అనే ప్రకృతి వైద్యుడు ఆయనను కలిశారు. రోగం పోవాలంటే వంటలో నిప్పునే మానుకోవాలని ఆయన నమ్మకం. అది గాంధీజీకి నచ్చింది. ఆ మే నెలలోనే ఆయన నిప్పు తగలని ఆహారం మొదలుపెట్టి, ఆ వివరాలను తన 'యంగ్ ఇండియా' పత్రికలో రాశారు. మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, బాదం ముద్ద 8 తులాలు, నూరిన పచ్చి ఆకులు 8 తులాలు, 6 నిమ్మకాయలు, కొంచెం తేనె. ఇదీ ఆయన రోజు భోజనం. తులమంటే పదకొండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ.

ఈ కథను మేము ఎంతో ఉత్సాహంగా చదివాము. కానీ సగమే చదివాము. మిగతా సగం సంగతి తరువాత చెబుతాము.

నలభై రోజులు పొయ్యి వెలిగించకూడదని నిర్ణయించుకున్నాము. ఉదయం కూరగాయల రసం, మధ్యాహ్నం మొలకెత్తిన పెసలు, కీరదోస, క్యారెట్, పచ్చికొబ్బరి, సాయంత్రం పండ్లు. వేసవి కావటంతో తాటిముంజెలకు లోటు లేదు. చక్కెర వ్యాధి ఉన్నవారు మామిడిపండును మాత్రం ముక్కలు లెక్కపెట్టి తినాలి. అమ్మీజాన్‌కు డెబ్బై దాటాయి కనుక ఆమెకూ, పిల్లలు అడిగినప్పుడు వారికీ చిన్న గ్యాసు పొయ్యిపై వండవచ్చని మినహాయింపు పెట్టుకున్నాము. పెద్ద పొయ్యిని మాత్రం కడిగి, దానిపై గుడ్డ కప్పాము.

అమ్మీజాన్ ఆ గుడ్డ వైపు చాలాసేపు చూశారు. “బేటా, పొయ్యికి కఫన్ కప్పారా?” అని అడిగారు. మేము నవ్వి ఊరుకున్నాము.

మొదటి ఇరవై రోజులు

మొదటి వారం కష్టంగానే గడిచింది. తలనొప్పి, కడుపు ఉబ్బరం, అకారణమైన కోపం. మధ్యాహ్నం పక్కింటి నుంచి చేపల పులుసు వాసన వస్తే మాటలు ఆగిపోయేవి. రెండో వారానికి నాలుకలో మార్పు వచ్చింది. ఉప్పు లేని కీరదోసలో తియ్యదనం ఉంటుందని, పచ్చి కొబ్బరిలో ముదురుకూ లేతకూ ఎంతో తేడా ఉంటుందని ఆ వయసులో తెలుసుకున్నాము. దైవప్రవక్త (స) కీరదోసను తాజా ఖర్జూరాలతో కలిపి తినేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసును ఎన్నోసార్లు చదివాము కానీ, అలా తిని చూసింది అప్పుడే. ఒకదాని చలువ, మరొకదాని తీపి ఎంత చక్కగా కలుస్తాయో!

శరీరాలూ తేలికపడ్డాయి. ఇరవై రోజులలో ఇద్దరమూ బరువు తగ్గాము. రక్తపోటు దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అది ఒక చిన్న చెంచాకు మించదు. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండుచేపలు తినే మన ఇళ్ళలో ఆ పరిమితి ఉదయం పూటే దాటిపోతుంది. కనుక ఆ లాభం నిజమైనదే, దాన్ని మేము కాదనటం లేదు.

కానీ కొన్ని హెచ్చరికలు కూడా వచ్చాయి. ఒకరోజు ఫజ్ర్ నమాజుకు లేచేసరికి మాలో ఒకరికి చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగాయి. తేనె నాకిస్తే తేరుకున్నారు. తిండి సగానికి తగ్గినా చక్కెర మాత్ర మాత్రం మునుపటి మోతాదులోనే వేసుకోవటం వల్ల రక్తంలో చక్కెర పడిపోయిందని డాక్టరుగారు కోప్పడి మోతాదు తగ్గించారు. ఆహారం మార్చేముందు తనకు చెప్పాలనే ఆలోచన కూడా మాకు రాలేదా అని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

రెండో హెచ్చరిక మసీదులో ఎదురైంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి కలిపిన ముక్కలు తిని జొహ్ర్ నమాజుకు వెళితే పక్కన నిలబడిన పెద్దాయన కొంచెం జరిగారు. ఇంటికొచ్చాక హదీసు గుర్తొచ్చింది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు మసీదుకు దూరంగా ఉండాలని ప్రవక్త మహనీయులు (స) ఆదేశించారు. తినక తప్పదనుకునేవారు వాటిని వండి, వాసనను చంపి తినాలని హజ్రత్ ఉమర్ (రజి) తన ప్రసంగంలో చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. పక్కవాడి కోసం కూడా నిప్పు అవసరమని ఆ రోజే గ్రహించి ఉండవలసింది.

మూడో హెచ్చరికను ఇంటిలోనే ఆలస్యంగా గమనించాము. పదహారేళ్ళ మా పెద్దమ్మాయి ఎవరూ చెప్పకుండానే మాతో సమానంగా పచ్చి ఆహారమే తినసాగింది. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ నెల రుతుక్రమం తప్పిందని తల్లికి చెప్పింది. 1999లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చాలాకాలంగా పచ్చి ఆహారం తినే 500 మందికి పైగా స్త్రీపురుషులను పరిశీలించి, 45 ఏళ్ళ లోపు స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి రుతుక్రమం దెబ్బతిన్నదని ప్రకటించిన సంగతి మాకు తరువాత తెలిసింది. అమ్మీజాన్‌కు మాత్రం ఏ పరిశోధనా అవసరం రాలేదు. ఆ సాయంత్రమే మనవరాలికి వేడి అన్నంలో పప్పు, నెయ్యి కలిపి, ముద్దలు చేసి తినిపించారు. మాతో ఏమీ అనలేదు. అనకపోవటమే ఎక్కువ బాధించింది.

భాయిజాన్ ఇంటికి వచ్చిన రోజు

ఇప్పుడు చెప్పబోయేది రాయటానికి రెండేళ్ళు పట్టింది.

మా భాయిజాన్ ఉద్దానంలో ఉంటారు. పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల కొబ్బరితోటల నేల అది. పచ్చదనానికి ఎంత పేరుందో, ఎందుకు వస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధికీ ఆ నేలకు అంత పేరుంది. దాదాపు ప్రతి వీధిలోనూ ఒక రోగి ఉంటాడు. భాయిజాన్‌కు కూడా మూత్రపిండాలు బలహీనపడ్డాయని కొన్నేళ్ళ క్రితమే తెలిసింది. మందులతో నెట్టుకొస్తున్నారు.

మా నలభై రోజులలో ఇరవై అయిదో రోజున ఆయన మా ఇంటికి వచ్చారు. మా ముఖాలు చూసి ఆశ్చర్యపోయారు. “మీకు ఇంత మేలు చేసింది నాకు చేయదా?” అని అడిగారు. ఆ ప్రశ్నలో ఎంత ఆశ ఉందో మేము చూడలేదు. మా పద్ధతికి మరొక అనుచరుడు దొరికాడన్న సంతోషమే కనిపించింది. కాగితం తీసుకుని రాసిచ్చాము. పొద్దున్నే పాలకూర, టమోటా రసం. తోటలో పుష్కలంగా ఉన్నాయి గనుక రోజూ కొబ్బరి నీళ్ళు. ఆకలైతే అరటిపండ్లు. ఉప్పూ వద్దు, పొయ్యీ వద్దు. భాభీ తటపటాయిస్తూ, “డాక్టరుని ఒకసారి అడిగితే…” అన్నారు. “ఆకులు, పండ్లు తినటానికి డాక్టరెందుకు భాభీ?” అన్నాము. ఆ మాట మాదే. దాన్ని మరెవరి మీదా నెట్టలేము.

మూడు వారాలు కాకముందే ఫోను వచ్చింది. భాయిజాన్ కాళ్ళలో సత్తువ లేక కూలబడిపోయారు. గుండె కొట్టుకోవటం నెమ్మదించింది. ఆసుపత్రికి మేము చేరేసరికి డయాలసిస్ జరుగుతోంది. అల్లాహ్ దయవల్ల రెండు రోజులలో గండం గడిచింది.

అక్కడి వైద్యుడు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. ఆకుకూరలు, టమోటా, అరటి, కొబ్బరి నీళ్ళు అన్నిటిలోనూ పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు బాగున్నవారి శరీరం అదనపు పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. బలహీనపడినవారిలో అది రక్తంలో పేరుకుని గుండెను ఆపేయగలదు. మామూలు ఉప్పుకు బదులుగా అమ్మే కొన్ని రకాల ఉప్పులలోనూ పొటాషియమే ఉంటుంది, కనుక వారికి అవీ ప్రమాదమే. చివరగా ఆయన చెప్పిన మాట మమ్మల్ని నిలువునా కదిలించింది. ఇలాంటి రోగులు కూరగాయలను చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని వార్చేసి తింటే పొటాషియం కొంత తగ్గుతుందట. మేము శత్రువుగా చూసిన పొయ్యే భాయిజాన్‌కు ఔషధం!

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు దాని పర్యవసానానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూదావూద్ గ్రంథంలో ఉంది. అది నకిలీ వైద్యుల గురించి అనుకునేవాళ్ళం. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ రాత్రి అది మా గురించే అని అర్థమైంది. క్షమించమని అడిగితే భాయిజాన్ మా చేయి పట్టుకుని, “మీరు నా మేలు కోరే చెప్పారు” అన్నారు. మేలు కోరటం వేరు, మేలు తెలియటం వేరు అని ఆయన మంచితనం మాకు మరింత గట్టిగా బోధించింది.

చదవని సగం

ఇంటికి తిరిగివచ్చాక గాంధీజీ కథలో మిగిలిన సగం చదివాము. ఆ ప్రయోగం మూడు నెలలు దాటి ఎక్కువ రోజులు నిలవలేదు. శరీరం నీరసించి, విరేచనాలు పట్టుకుని, 1929 ఆగస్టులో ఆయన దాన్ని విరమించుకున్నారు. ఆ సంగతినీ దాచుకోకుండా అదే పత్రికలో రాశారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 6న దండి తీరంలో ఆయన వంగి చేతిలోకి తీసుకున్నది పిడికెడు ఉప్పు! ఓటమిని దాచని ఆ నిజాయితీని మేము ప్రయోగం మొదటి రోజే చదివి ఉంటే భాయిజాన్‌కు ఆ కాగితం రాసిచ్చేవాళ్ళం కాదేమో.

దివ్యఖుర్ఆన్‌నూ మళ్ళీ తెరిచాము. వాఖియా సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను వరుసగా చూపుతూ మనల్ని ప్రశ్నిస్తాడు. మీరు నాటే పంట సంగతేమిటి, మీరు తాగే నీటి సంగతేమిటి, ఆ వెంటనే మీరు రగిలించే నిప్పు సంగతేమిటి అని. నిప్పును జ్ఞాపికగా, బాటసారులకు ప్రయోజనంగా చేశానంటాడు. పంట, నీరు, నిప్పు ఒకే వరుసలో ఉన్నాయి. మేము మొదటి రెండింటినీ వరాలుగా తీసుకుని మూడోదాన్ని నేరస్థుని చేశాము. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన మంచి వస్తువులను మీకు మీరే నిషేధించుకోకండి అని మాయిదా సూరాలో ఉన్న హెచ్చరిక కూడా అప్పుడే మనసుకు తగిలింది. ఒక పూట మానటం మితం. మానిందే ధర్మమని నమ్మటం, ఇతరులను నమ్మించటం వేరే విషయం.

హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన ఒక హదీసును మా ప్రయోగానికి ఆధారంగా మేము తరచూ చెప్పుకునేవాళ్ళం. రెండు నెలల్లో మూడు నెలవంకలు కనిపించినా ప్రవక్త (స) ఇళ్ళలో పొయ్యి రాజేయని రోజులుండేవని, ఖర్జూరాలు, నీళ్ళతో గడిచేదని ఆమె తెలిపారు. బుఖారీలో ఉన్న ఆ హదీసు చివరి భాగాన్ని కూడా మేము పట్టించుకోలేదు. ఇరుగుపొరుగున ఉన్న అన్సారులు తమ పశువుల పాలు పంపేవారని, ప్రవక్త (స) వాటిని ఇంటివారికి తాగించేవారని అందులో ఉంది. ఆ ఇళ్ళలో పొయ్యి వెలగకపోవటం ఆహార నియమం కాదు, లేమి. ఆ లేమిలో ఓర్పు ఉంది, పొరుగువారి ప్రేమ ఉంది, వచ్చినదాన్ని కృతజ్ఞతతో స్వీకరించటం ఉంది. మా ఇంట్లో పొయ్యి వెలగకపోవటంలో ఉన్నది కొంత ఆరోగ్యం, కొంత గర్వం.

మాంసం వండితే పులుసు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని ప్రవక్త (స) అబూజర్ (రజి)కి బోధించారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఉప్పు మడిలో పనిచేసే పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తొంగిచూసి, “ఏటమ్మా, నెలై మీ పొయ్యి ఎలగట్నేదు. మాకు గిన్నీ రాట్నేదు. మీకేటైనా కోపమా?” అని అడిగింది. నలభై రోజులుగా ఆ గోడ మీదుగా ఒక్క గిన్నె కూడా దాటలేదన్నది మాకు తట్టనే లేదు. రోజంతా ఎండలో చెమటోడ్చే ఆ మనిషికి మా ఉప్పు లేని ముక్కలు పంపాలని కూడా మాకు తోచలేదు.

ఆ సాయంత్రం అమ్మీజాన్ పెద్ద పొయ్యి మీద గుడ్డ తీసి మడతపెట్టారు. “బిస్మిల్లాహ్” అని వెలిగించారు. సొరకాయ కూర వండారు. ప్రవక్త (స) ఇష్టపడిన కూర అది. మొదటి గిన్నె గోడ దాటింది.

ఇప్పుడు మా దస్తర్‌ఖాన్

మేము పాత అలవాటుకు తిరిగి వెళ్ళలేదు. పళ్ళెంలో సగం పచ్చి కూరగాయలు, పండ్లు, మొలకలు. మిగతా సగం తక్కువ ఉప్పు, తక్కువ నూనెతో వండినవి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, పండ్లు, నీళ్ళు తీసుకుని మగ్రిబ్ నమాజు చేశాకే భోజనం. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) హితవును మించిన ఆహార పట్టిక మాకింకా దొరకలేదు.

మాలా మార్పు కోరుకునే కుటుంబాలకు అనుభవంతో నాలుగు మాటలు. చక్కెర, రక్తపోటు మందులు వాడేవారు ముందుగా వైద్యునికి చెప్పండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆయన అనుమతి లేకుండా రసాలు, కొబ్బరి నీళ్ళు మొదలుపెట్టవద్దు. ఎదిగే పిల్లలనూ, గర్భిణులనూ, వృద్ధులనూ మీ ప్రయోగంలోకి లాగవద్దు. వానాకాలంలో ఆకులు, మొలకలు పచ్చిగా తినేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. వాటిని శుభ్రమైన నీటిలో బాగా కడగాలి, అనుమానముంటే ఉడికించాలి. కర్రపెండలం వంటివి పచ్చిగా తింటే విషమని గుర్తుంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మీకు కలిగిన మేలును మీ అనుభవంగా చెప్పండి, ఎదుటివారికి వైద్యంగా రాసివ్వకండి.

నీ శరీరానికి నీపై హక్కుందని మన ధర్మం చెబుతుంది. ఆ హక్కు నెరవేర్చబోయి కుటుంబం హక్కును, పొరుగువారి హక్కును, సోదరుని ప్రాణం హక్కును మేము మరిచాము. భాయిజాన్ ఈ ఏడాది బక్రీద్‌కు మా ఇంటికి వచ్చారు. ఆయన కోసం వేరుగా ఉడికించి వార్చిన కూరను పెద్దమ్మాయి వడ్డించింది. ఆయన మా పళ్ళెంలోని కీరదోస ముక్క వైపు చూసి నవ్వారు. మేమూ నవ్వాము, కళ్ళు తడిసినా.

ఓ అల్లాహ్! మాకు ప్రసాదించిన ఆహారంలో శుభాన్నివ్వు. తెలియనిది తెలిసినట్లు చెప్పే దురలవాటు నుంచి మా నాలుకలను కాపాడు. మా పొయ్యిని వెలుగుతూ ఉంచు, దాని పక్కన మితాన్ని కూర్చోబెట్టు. ఆమీన్.